నొప్పి పోతే గాయం మానినట్టేనా?

మీలో ఆటలాడేవారికి ఈ అనుభవం తప్పక కలిగి ఉంటుంది. పరుగెత్తుతూ ఉండగా పాదం లోపలికి మడత పడుతుంది. "కాలు బెణికింది" అంటారు ఇంట్లోవాళ్ళు. చీలమండ ఉబ్బుతుంది. ఏదో ఒక పట్టు వేస్తారు. నాలుగు రోజులు కుంటుతారు. ఐదో రోజుకు నొప్పి తగ్గుతుంది. ఆరో రోజు మళ్ళీ మైదానంలో ఉంటారు. నెల తిరక్కుండానే మళ్ళీ కాలు బెణుకుతుంది. చిత్రమేమిటంటే, ఈసారి కూడా అదే కాలు!

ఎందుకలా? ఎముక విరగలేదు. నొప్పి పూర్తిగా పోయింది. రెండో కాలు నిక్షేపంలా ఉండగా, ఇదే కాలు మళ్ళీ ఎందుకు మడత పడాలి?

ఆటగాళ్ళ గాయాలు మాన్పి, వాళ్ళను తిరిగి ఆటకు సిద్ధం చేసేవారు కొందరున్నారు. ఎముకల డాక్టరుగారి క్లినిక్కులో, పక్క గదిలో పనిచేస్తుంటారు. మన ప్రశ్నకు జవాబు వాళ్ళ దగ్గర ఉంది. ఒకసారి ఆ గదిలోకి వెళ్ళి చూద్దాం. ఊరికే చూసి వస్తే ఏం తెలుస్తుంది? రోగిగానే వెళదాం!

కంచరపాలెంలో ఒక సాయంత్రం

విశాఖపట్నంలో కంచరపాలెం అనే పేట ఉంది. రైలు పట్టాలు, జాతీయ రహదారి, పాలిటెక్నిక్ కళాశాల, పరిశ్రమల షెడ్లు అన్నీ అక్కడికి దగ్గర దగ్గరగానే ఉంటాయి. విశాఖ రేవు 1933లో ప్రారంభమైంది. రేవులోనూ, రైల్వేలోనూ, కర్మాగారాలలోనూ ఒళ్ళు వంచి పనిచేసే కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి.

అక్కడొక మైదానంలో మీరు కబడ్డీ ఆడుతున్నారనుకోండి. కూతకు వెళ్ళారు. ఒకణ్ణి అంటుకుని వెనక్కి తిరిగేసరికి పాదం లోపలికి మడత పడింది. ఒంటి బరువంతా దానిమీదే పడింది. సరిగ్గా పది రోజులలో జట్టు ఎంపిక ఉంది. ఆ జట్టులోకి వెళితే జిల్లా జట్టు, ఆ తరువాత రాష్ట్ర జట్టు, ముందు ముందు క్రీడాకారుల కోటాలో ఏ రైల్వే ఉద్యోగమో దొరకవచ్చునని ఇంట్లో అందరికీ ఆశ. నాన్నగారు మిమ్మల్ని ఎముకల డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళారు.

ఇది పడకలున్న ఆసుపత్రి కాదు. రోగులు వచ్చి, చూపించుకుని, ఇంటికి వెళ్ళిపోతారు. దీనినే మనవాళ్ళు 'ఓపీ' అంటారు. డాక్టరుగారు చూసి, పక్క గదికి పంపారు. ఆ గదిలో రెండు బల్లలు, గోడకు నిలువుటద్దం, ఇసుక సంచులు, రంగురంగుల రబ్బరు పట్టీలు, కింద అర్ధగోళం ఉన్న ఒక చెక్కపలక, కొలిచే టేపు ఉన్నాయి. ఒక బల్లమీద మోకాళ్ళు అరిగిన మామ్మగారు కాలు చాపి, లేపి, దించుతున్నారు. ఒక ఫిట్టరు పైకెత్తలేని చేతిని గోడమీద వేళ్ళతో పాకిస్తున్నాడు. అక్కడ పనిచేసే ఆమెను అందరూ "ఫిజియో మేడం" అంటున్నారు.

ఈ పని ఎవరిది?

అమెరికాలో ఈ పని చేసేవారిలో ఒక వర్గాన్ని 'అథ్లెటిక్ ట్రైనర్లు' అంటారు. వాళ్ళ జాతీయ సంఘం 1950లో ఏర్పడింది. 1990లో అమెరికా వైద్య సంఘం దీనిని ఆరోగ్య వృత్తులలో ఒకటిగా గుర్తించింది. మొదట్లో వీళ్ళు జట్ల వెంట మైదానాలలో ఉండేవారు. తరువాత ఎముకల క్లినిక్కులలో కూడా పనిచేయసాగారు. పేరులో 'ట్రైనర్' అని ఉన్నా వీరు ఆట నేర్పరు. ఆట నేర్పేది కోచ్. దెబ్బతిన్న శరీరాన్ని తిరిగి ఆటకు తగినట్టు చేసేది వీరు.

మన దేశంలో ఈ బాధ్యత ఎక్కువగా ఫిజియోథెరపిస్టులది. బొంబాయిలో పోలియో వ్యాపించి ఎందరో పిల్లల కాళ్ళు చచ్చుబడిన తరువాత, 1953లో అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్య నేర్పే పాఠశాల మొదలైంది. ఇప్పుడు మన రాష్ట్రంలోనూ కళాశాలలున్నాయి. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివినవారు ఇందులో చేరవచ్చు. క్రీడా గాయాలలో ప్రత్యేకంగా పై చదువు కూడా ఉంది.

నాలుగు అడుగుల ప్రశ్న

"పడిన తరువాత నాలుగు అడుగులు వెయ్యగలిగావా?" మేడం మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఇది మామూలు ప్రశ్నలా ఉంది గదా! కాని దీని వెనుక పెద్ద పరిశోధన ఉంది. కెనడాలోని ఒటావా నగరంలో ఇయాన్ స్టీల్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ 1992లో కొన్ని నియమాలు ప్రకటించారు. కాలు బెణికిన ప్రతివారికీ ఎక్స్‌రే అక్కరలేదు. దెబ్బ తగిలిన వెంటనే, మళ్ళీ వైద్యుడు చూసేటప్పుడు నాలుగు అడుగులు వెయ్యలేకపోయినా, చీలమండ బుడిపెల వెనుక అంచునో, పాదంలోని రెండు నిర్దిష్టమైన ఎముకల మీదో నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తియ్యాలి. లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం బహు తక్కువ. కేవలం వేళ్ళతో నొక్కి, నడిపించి చూసి ఇంత సంగతి తెలుసుకోవచ్చునన్నమాట!

మీ వయస్సువారి విషయంలో మరో జాగ్రత్త ఉంది. ఎదిగే పిల్లల ఎముకల చివర మృదులాస్థితో ఏర్పడిన పెరుగుదల పొర ఉంటుంది. ఎముక పొడుగయ్యేది అక్కడే. ఈ పొర పక్కనున్న బంధనాలకంటే బలహీనం. అందుచేత పెద్దవారిలో బెణుకు అయ్యేది పిల్లలలో ఆ పొర దగ్గర విరుగుడు కావచ్చు. "బెణుకే గదా" అని మీకు మీరే తీర్పు చెప్పుకోకూడదు. డాక్టరుగారు చూడాలి.

మీ సంగతి చూశారు. ఎముక బాగానే ఉంది. మరి దెబ్బతిన్నదేమిటి?

మీ చీలమండను మీరే తడిమి చూడండి

చీలమండకు రెండు వైపులా రెండు బుడిపెలు ఉంటాయి. వేళ్ళతో తడమండి. లోపలివైపు బుడిపె అంతర్జంఘిక అనే ఎముక చివర. బయటివైపుది బహిర్జంఘిక చివర. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా? లేవు! బయటిది కొంచెం కిందికి దిగి ఉంటుంది. ఇప్పుడు పాదాన్ని బయటికి తిప్పి చూడండి. కొద్దిగానే తిరుగుతుంది. లోపలికి తిప్పండి. చాలా దూరం తిరుగుతుంది. బయటికి తిరగకుండా ఆ కిందికి దిగిన ఎముక గోడలా అడ్డుకుంటుంది. అందుకే పాదం ఎక్కువగా లోపలికే మడత పడుతుంది.

ఒక ఎముకను మరో ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీలను సంధిబంధనాలు అంటారు. చీలమండ బయటివైపు ఇటువంటివి మూడున్నాయి. వీటిలో ముందువైపున ఉన్నది బలహీనమైనది. బెణుకులో సాధారణంగా సాగేదీ, చిరిగేదీ అదే.

పీచు తాడు కావాలంటే

చిరిగిన బంధనం ఎలా అతుక్కుంటుంది? మొదటి కొద్ది రోజులు వాపు ఉంటుంది. రక్తంలోని కణాలు వచ్చి, పాడైన భాగాలను ఊడ్చి శుభ్రం చేస్తాయి. తరువాత కొన్ని వారాలపాటు కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు తయారవుతాయి. అయితే ఇవి మొదట ఎలా పడితే అలా అల్లుకుంటాయి. కొబ్బరి పీచు కుప్పను చూశారు గదా! కుప్పలో పీచు ఎంత ఉన్నా దానితో పడవను కట్టలేరు. పీచును ఒకే దిశలో పేర్చి, పేనినప్పుడే తాడవుతుంది. బంధనంలో పోగులు కూడా అంతే. లాగుడు ఏ దిశలో ఉంటుందో ఆ దిశలో క్రమంగా సర్దుకుంటాయి. ఈ మూడో దశకు నెలలు పడుతుంది.

ఇక్కడే అసలు కీలకం ఉంది. పోగులు సర్దుకోవాలంటే బంధనం మీద కొంత లాగుడు పడాలి. ఏమీ కదల్చకుండా పడుకుంటే పీచు పీచుగానే ఉంటుంది. ఒక్కసారిగా ఎక్కువ లాగితే ఇంకా తాడు కాని పీచు తెగిపోతుంది. మరి నొప్పి సంగతి? నొప్పి ముఖ్యంగా వాపు వల్ల వచ్చేది. వాపు తగ్గగానే నొప్పి తగ్గుతుంది. అప్పటికి బంధనం ఇంకా పీచు దశలోనే ఉంటుంది! నొప్పి వెళ్ళిపోయే గడియారం వేరు, గాయం మానే గడియారం వేరు.

వైద్యులు కూడా ఈ సంగతిని మెల్లమెల్లగానే తెలుసుకున్నారు. 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ బెణుకులకు విశ్రాంతి, మంచు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు సూత్రాలు చెప్పాడు. అవి ప్రపంచమంతా వ్యాపించాయి. చాలా ఏళ్ళ తరువాత, మంచూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని ఆయనే తన మాటను సవరించుకున్నాడు. ఇప్పుడు మంచును నొప్పి ఉపశమనానికి కొద్దిసేపు వాడతారు. ఎముక విరగలేదని తేలిన మామూలు బెణుకులలో, కొద్ది రోజులలోనే తట్టుకోగలిగినంత బరువు మోపి నడిపిస్తారు. మొదటి రోజులలో గట్టిగా మర్దన మాత్రం చెయ్యరు. అది వాపును పెంచుతుంది.

కొలతే కళ్ళు

మేడం తరువాత చేసే పని కొలవడం. ఆమె చేతిలో గోనియామీటర్ అనే పరికరం ఉంది. మీ జామెట్రీ పెట్టెలో కోణమాపకం ఉంది గదా! దానికి రెండు పొడుగాటి చేతులు తగిలిస్తే గోనియామీటర్ అవుతుంది. ఒక చేతిని కాలి వెంబడీ, రెండోదానిని పాదం వెంబడీ పెట్టి, కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో చదువుతారు. మంచి కాలునూ, దెబ్బతిన్న కాలునూ రెండింటినీ కొలుస్తారు. ఎందుకంటే మీ కాలుకు సరైన ప్రమాణం మీ రెండో కాలే!

ఇప్పుడొక ప్రయోగం చేద్దాం. పక్కన ఒక స్నేహితుణ్ణి పట్టుకోవడానికి నిలబెట్టుకోండి. ఒంటికాలిమీద నిలబడండి. తేలికగానే ఉంది గదా! ఇప్పుడు కళ్ళు మూసుకోండి. చూశారా, పాదం ఎలా అటూ ఇటూ ఊగుతోందో! మనం పడిపోకుండా ఉండటానికి మూడు చోట్ల నుంచి వార్తలు మెదడుకు చేరుతుంటాయి: కళ్ళ నుంచి, లోపలి చెవి నుంచి, కీళ్ళలోనూ కండరాలలోనూ ఉన్న నాడుల చివరల నుంచి. కళ్ళు మూయగానే ఒక వార్తాహరుడు తగ్గాడు. మిగిలినవారిమీద భారం పెరిగింది.

బెణుకులో బంధనంతోపాటు అందులోని ఈ నాడుల చివరలు కూడా దెబ్బతింటాయి. పాదం ఏ కోణంలో ఉన్నదో మెదడుకు ఆలస్యంగా తెలుస్తుంది. పాదం మడత పడబోతున్నప్పుడు దానిని నిలువరించే కండరాలు సమయానికి బిగుసుకోవు. అదే కాలు మళ్ళీ బెణకడానికి ముఖ్యమైన కారణాలలో ఇది ఒకటి. నొప్పి లేనంతమాత్రాన ఈ లోపం పోదు. ఒంటికాలిమీద నిలబడటం, ఆ తరువాత అర్ధగోళం ఉన్న చెక్కపలకమీద నిలబడటం, నిలబడి బంతి పట్టుకోవడం ఇలా అభ్యాసం చేయించి సరిచేయాలి. చూసేవారికి సర్కస్‌లా కనిపించే ఈ పని నిజానికి మెదడుకు పాఠం చెప్పడమన్నమాట.

ఇసుక సంచి మోతాదు

మీ పక్క బల్లమీద మోకాలికి శస్త్రచికిత్స జరిగిన యువకుడొకడు కూర్చున్నాడు. మేడం అతని కాలికి 2 కిలోల ఇసుక సంచి కట్టారు. చీలమండ దగ్గర కట్టకుండా పిక్క మధ్యలో కట్టారు. ఎందుకు? లెక్క వేద్దాం.

బల్ల అంచున కూర్చుని కాలు తిన్నగా చాపినప్పుడు మోకాలు ఇరుసు అవుతుంది. చీలమండ ఇరుసుకు సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. అక్కడ 2 కిలోల సంచి కడితే, 2 × 40 = 80. దీనిని మోసేది తొడ ముందరి కండరం. అది మోకాలిచిప్ప కింద ఉన్న పట్టీ ద్వారా లాగుతుంది. ఆ పట్టీ ఇరుసుకు సుమారు 4 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. 80ని 4తో భాగిస్తే 20. అంటే 2 కిలోల సంచిని నిలపడానికి ఆ పట్టీ 20 కిలోల బరువుతో సమానమైన బలంతో లాగాలి! కాలి బరువును మనం లెక్కలోకి తీసుకోనేలేదు. అదే సంచిని 20 సెంటీమీటర్ల దగ్గర కడితే 10 కిలోలు చాలు. మీరు భౌతికశాస్త్రంలో చదివే మీట సూత్రమే ఇది. మందుల చీటీలో డాక్టరుగారు మోతాదు రాసినట్టే, ఈ గదిలో బరువుకూ, దూరానికీ, ఎన్నిసార్లు ఎత్తాలనేదానికీ మోతాదు ఉంటుంది.

ఛాంపియన్ల మోకాళ్ళు

మోకాలి లోపల రెండు బంధనాలు గుణకారపు గుర్తులా ఒకదానినొకటి దాటుతుంటాయి. వాటిలో ముందుదానిని క్రీడాకారులు 'ఏసీఎల్' అంటారు. గెంతి దిగేటప్పుడో, పరుగులో చటుక్కున మలుపు తిరిగేటప్పుడో ఇది తెగుతూ ఉంటుంది. ప్రకాశం జిల్లాలో పుట్టిన బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్‌కు 1994లో పుణెలో జాతీయ క్రీడలలో ఆడుతుండగా మోకాలి బంధనం తెగింది. శస్త్రచికిత్సలు జరిగాయి. 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ ఛాంపియన్ అయ్యాడు. 1980లో ప్రకాశ్ పడుకోనె తరువాత ఆ విజయం సాధించిన రెండో భారతీయుడు ఆయనే.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లోనూ, 2025లోనూ ఆసియా ఛాంపియన్. ఆ పరుగులో సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తున్న పది అడ్డంకులను దాటాలి. ప్రతిసారీ దిగేటప్పుడు ఒంటికాలే బరువును ఆపుకోవాలి. 2025లో శిక్షణలో ఆమె మోకాలి ఏసీఎల్‌కు గాయమైంది. శస్త్రచికిత్స చేయించుకుంది. ఆ ఏడాది టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్ళలేకపోయింది.

ఈ శస్త్రచికిత్సలో సాధారణంగా రోగి శరీరంలోనిదే మరొక పట్టీని తీసి, తెగిన బంధనం స్థానంలో అమరుస్తారు. చోటు మారిన ఆ పట్టీకి రక్తప్రసరణ తెగిపోతుంది. మళ్ళీ కొత్త రక్తనాళాలు పెరగాలి. అది కొత్త చోటికి తగినట్టు మారాలి. మొదటి కొద్ది నెలలలో ఒక దశలో ఆ పట్టీ అమర్చిన రోజుకంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే రోగికి నొప్పి తగ్గి, హాయిగా నడుస్తుంటాడు! "ఇక పరుగెత్తవచ్చు" అనిపిస్తుంది. ఎంత ప్రమాదమో చూడండి.

నార్వే, అమెరికా పరిశోధకులు 106 మంది రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. శస్త్రచికిత్స తరువాత 9 నెలలు నిండేదాకా, ఆటకు తిరిగి వెళ్ళడం ఒక్కొక్క నెల ఆలస్యమైనకొద్దీ మోకాలికి మళ్ళీ గాయమయ్యే రేటు సుమారు సగానికి తగ్గుతూ వచ్చింది. ఓపిక కూడా ఒక మందే!

పదో రోజు

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. పదో రోజు వచ్చింది. కాలు నొప్పి లేదు. ఉదయమే మీరు క్లినిక్కుకు వెళ్ళి, "మేడం, తగ్గిపోయింది. ఇవాళ ఆడతాను" అన్నారు. మేడం అవునని గాని, కాదని గాని అనలేదు. నేలమీద టేపు పరిచారు. మంచి కాలుమీద ఒక్క గెంతు గెంతి, అదే కాలుమీద నిలబడమన్నారు. మూడుసార్లు చేశారు. 150 సెంటీమీటర్లు వచ్చింది. దెబ్బ తగిలిన కాలుమీద గెంతితే 105 వచ్చింది. దిగినప్పుడు తూలారు కూడా. 105ను 150తో భాగించి 100తో గుణిస్తే 70 శాతం. ఆటకు వెళ్ళాలంటే కనీసం 90 శాతం ఉండాలని సాధారణంగా చూస్తారు.

"ఇవాళ వద్దు" అన్నారు మేడం.

ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని ఈ మాట చెప్పడమే. ఇసుక సంచి కట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఆటగాడికీ, "ఒక్క ఆటే గదమ్మా" అని బతిమాలే తండ్రికీ, "జట్టులో మరెవరూ లేరండీ" అనే కోచ్‌కూ నచ్చచెప్పాలి. వాళ్ళ ఆశ అబద్ధం కాదు. ఒక ఎంపిక పోతే మళ్ళీ ఏడాదిదాకా రాకపోవచ్చు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కాని పదే పదే బెణికి వదులైపోయిన చీలమండతో ఎన్ని ఎంపికలు పోతాయో కూడా ఆమెకు తెలుసు. అందుకే తన మాటగా కాక, టేపు మీది అంకెలుగా చెబుతారు. "నేను వద్దంటున్నానని అనుకోకు. నీ కాలే చెబుతోంది, చూడు" అని 105నూ, 150నీ పక్కపక్కన రాసి చూపిస్తారు. నాన్నగారు ఆ కాగితం చాలాసేపు చూస్తారు. తరువాత, "ఎన్ని వారాలు రావాలమ్మా?" అని అడుగుతారు.

ఆ వారాలలో ఏం చేయాలో కాగితంమీద రాసి ఇస్తారు: రోజూ ఒంటికాలిమీద నిలబడటం, మునివేళ్ళమీద లేవడం, రబ్బరు పట్టీతో పాదాన్ని బయటికి లాగడం, తరువాత తిన్నగా పరుగు, ఆ తరువాత మలుపులతో పరుగు, చివరికి కూత. ఒక మెట్టు నొప్పీ వాపూ లేకుండా దాటితేనే పై మెట్టు.

దెబ్బ తగలకముందే చేయదగినదీ ఉంది. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫీఫా 2006లో '11+' అనే సన్నాహక వ్యాయామాలు రూపొందించింది. ఆటకు ముందు 20 నిమిషాలు పరుగు, ఒంటికాలి నిలకడ, గెంతి మెత్తగా దిగడం, మలుపు తిరగడం చేస్తారు. వీటిని క్రమంగా చేసిన జట్లలో గాయాలు స్పష్టంగా తగ్గాయని పరిశోధనలు తేల్చాయి. వీటికి ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు. మీ బడి మైదానం చాలు.

మొదట మనం వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు మీరే జవాబు చెప్పగలరు. ఈసారి మీ జట్టులో ఎవరికైనా కాలు బెణికితే, నొప్పి తగ్గగానే వాణ్ణి బరిలోకి లాగకండి. ముందు డాక్టరుగారికి చూపించండి. ఆయన సరేనన్న తరువాత ఒంటికాలిమీద నిలబెట్టండి. కళ్ళు మూసుకోమనండి. రెండు కాళ్ళూ ఒకేలా నిలబడుతున్నాయా? లేకపోతే ఇంకా కొన్నాళ్ళు ఆగమనండి. వాడికి కోపం వస్తుంది. అయినా సరే, ఆగమనే చెప్పండి.